తాళం ఉంటే పక్క ఇల్లు

శిక్షణ మూడు రోజులు, చీపురుపల్లిలో, మండలాఫీసు మేడ మీద.
మూడో రోజు చెప్పిన మాట:
తాళం ఉంటే పక్క ఇల్లు.
రాసుకున్నాను.
రోజుకి ఆరు వందలు, బస్సు చార్జీ వేరు.

మా వైపు ఊళ్ల పేర్ల చివర వలస ఉంటుంది.
ఎప్పుడో ఎవరో ఎక్కణ్ణించో వచ్చి నిలబడినందుకు.
నిలబడ్డం ముత్తాతలతో సరి.
పేరు మాత్రం వృథా పోలేదు,
ఇప్పుడు పోవడానికి పనికొస్తోంది.

తుమ్మగెడ్డవలస, కింద వీధి.
మొదటి ఇల్లు తాళం. రెండోది తాళం.
నిబంధన ప్రకారం పక్కకి, ఆ పక్కకి, ఇంకా పక్కకి జరిగి
మేడ ఇంటి ముందు తేలాను.
ఫ్యాను కింద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు.
గత ముప్పై రోజుల్లో పస్తున్నారా?
సోమవారాలు ఉంటానమ్మా, అని నవ్వాడాయన.
సున్నా వేశాను.
అలాంటివే పద్నాలుగు సున్నాలు.
కాగితం మీద ఆ ఊరు కడుపునిండా తింది.

వీధి చివర అరుగు మీద దాలమ్మ
చోళ్లు చెరుగుతోంది.
మొలకి తాళంచెవుల గుత్తి.
"ఇది సూరోళ్లది, మెడ్రాసు ఎలిపోనారు.
ఇది లచ్చన్నోళ్లది, హైదరాబాదు, ఇటుకల బట్టీ.
ఈ సిన్నది ఎవులిదో మర్సిపోనాను,
ఆలూ మర్సిపోనారేమో.
పందొమ్మిది గుమ్మాలకి నానొక్కర్తినే మనిసిని.
నా ఒక్క ఇల్లే రాత్తావా, ఈటన్నిటినీ రాత్తావా?"

ఆ రాత్రి ఫారం వెనక,
ఏ గడీ లేని తెల్లచోట,
పందొమ్మిది అని రాశాను.

పరిశోధన మంజరి గారిది. తిడతారనుకున్నాను.
కాగితం తిరగేసి, మళ్లీ తిరగేసి,
"ఎవరి కోసం వచ్చామో వాళ్లనే దాటేసి వెళ్తున్నామన్నమాట" అన్నారు.

ఉపాధి పనులు చూసే తవిటినాయుడు గారికి
ఆయన కాగితాలు ఆయనకున్నాయి.
పనులు తెరిచాం, కూలీలు రాలేదు.
ఎప్పుడు తెరిచారు?
మాఘంలో.
కుప్పలు నూర్చిన వారానికే ఊరు రైలెక్కేస్తుందండీ,
అన్నాను తలుపు దగ్గర నుంచి.
నన్నెవరూ అడగలేదు.

తర్వాత అరుచుకున్నారు.
"మీరు ఫారాలు నింపుకుని పోతారు,
ఎమ్మెల్యే గారికి జవాబు చెప్పుకోవాల్సింది నేను."
"మీరు కూలి నలభయ్యో రోజున వేస్తారు,
అంబలి అన్నాళ్లు ఆగుతుందా?"
టీ చల్లారి మీగడ కట్టింది.
సాయంత్రానికి తేలినవి రెండే ముక్కలు:
కోతలవ్వగానే పని. వారం తిరక్కుండా కూలి.
డబ్బు ఇరవై ఊళ్లకే ఉంది.
ఊళ్లు నలభై.

చీటీలు రాసింది నేనే.
నా టిఫిను డబ్బాలోనే వేసి కదిపారు,
ఊరగాయ వాసన ఇంకా వదల్లేదు.
ఎవరి సిఫార్సూ చెల్లకూడదు,
అప్పుడే దేనివల్ల ఏం మారిందో తెలుస్తుంది అన్నారు మంజరి గారు.
ఒప్పుకున్నాను. ఇప్పటికీ ఒప్పుకుంటాను.
తుమ్మగెడ్డవలస డబ్బాలోనే ఉండిపోయింది.

"మా సీటీ నువ్వే రాసినావంట గదా.
మడత గట్టిగా పెట్టీసినావేటి, గుంటా?"
అంది దాలమ్మ, చేట ఆపకుండా.

రెండేళ్లు.
చీటీ తగిలిన ఊళ్లలో తాళాలు మళ్లీ లెక్కపెట్టాం.
తగ్గాయి. అన్నీ కాదు.
ఒక ఇంట్లో కొత్త తాళం అట్టపెట్టెలోనే ఉంది,
కొన్నారు, వెయ్యలేదు.
తవిటినాయుడు గారికి బదిలీ అయింది.
వెళ్లే రోజు ఆ ఫైలు ఒక్కటీ
కొత్తాయన చేతికే ఇచ్చి, చదివేదాకా కూర్చున్నారట.
మొన్న ఉత్తర్వు వచ్చింది, నలభై ఊళ్లకీ.

నకలు పట్టుకుని కింద వీధికి వెళ్లాను.
అరుగు మీద చేట లేదు.
దాలమ్మ తలుపుకి తాళం.
ఆ గుత్తి ఎవరి దగ్గరుందో
అడుగుదామంటే వీధిలో మనిషి లేడు.

పక్క ఇంటికి వెళ్లలేదు.
అరుగు మీద కూర్చున్నాను.
ఆఖరి బస్సు అయిదున్నరకి.